వడలని ఆకు: ఇంట్లో ఆకుకూరల నిల్వపై ఒక సమీక్ష

కోసిన తర్వాత కూడా ఆకు బతికే ఉంటుంది. వేరు నుంచి నీరు అందదు, కట్టలో చీకట్లో పడి ఉన్నప్పుడు కొత్తగా ఆహారం తయారు చేసుకోలేదు. అయినా శ్వాసక్రియ మాత్రం ఆగదు. తనలో మిగిలిన చక్కెరలను ఖర్చు చేసుకుంటూ, ఉన్న నీటిని ఆవిరిగా వదులుకుంటూ, కణాలు విచ్ఛిన్నమయ్యేదాకా జీవిస్తూనే ఉంటుంది. ఇంట్లో ఆకుకూరను తాజాగా ఉంచడమంటే ఆ మిగిలిన ఆయుష్షు నెమ్మదిగా ఖర్చయ్యేట్టు చూడటమే.

దీని మీద సలహాలకు కొదవ లేదు. కడిగి పెట్టమని కొందరు, నీటిచుక్క తగలనివ్వద్దని కొందరు చెబుతారు. నీళ్ల గ్లాసులో నిలబెట్టాలని ఒక మాట, పొడిగుడ్డలో చుట్టాలని మరొక మాట. ఇవన్నీ ఏదో ఒక ఆకు విషయంలో నిజాలే. ఒక ఆకుకు పనికొచ్చిన ఉపాయాన్ని అన్నిటికీ వర్తింపజేయడం వల్లే గందరగోళం. దానికి తోడు పచ్చిగా తినే ఆకుకూ, వండుకునే ఆకుకూ తాజాదనం ఒకటి కాదు. లెట్యూస్ ఆకు మెత్తబడితే దాన్ని తినే సుఖమే పోయింది. పప్పులో వేసే తోటకూర కాస్త వడలినా పెద్ద నష్టం లేదు, తడిసి జిగురు పడితే మాత్రం పారేయాల్సిందే. సలాడ్ ఆకుల కోసం పుట్టిన సలహాలను తెలుగు వంటింటి ఆకుకూరలకు అలాగే పాటించినప్పుడు జరిగే పొరపాటు ఇదే: వడలకుండా చూడబోయి కుళ్ళబెట్టడం.

ఆకు పాడయ్యే తీరు

పాలకూరలో 90 శాతానికి పైగా నీరే. లెట్యూస్‌లో అది 95 శాతం దాకా ఉంటుంది. మెంతికూర, తోటకూరల్లో కాస్త తక్కువ, మునగాకులో ఇంకా తక్కువ. కరివేపాకులో మూడింట రెండు వంతులే. ఆకు నిటారుగా, పెళుసుగా ఉండేది కణాల లోపలి నీటి ఒత్తిడి వల్ల. బరువులో 3 నుంచి 5 శాతం నీరు పోయిందంటే చాలు, పాలకూర వడలినట్టు కంటికి తెలిసిపోతుంది. ఆ కొద్దిపాటి నీరు పోవడానికి ఎంతసేపు పడుతుందనేది చుట్టూ ఉన్న గాలి మీద ఆధారపడి ఉంటుంది. 35 డిగ్రీల వేడి, 40 శాతం తేమ ఉన్న గదిలో గాలికి ఆకు నుంచి నీటిని లాగే శక్తి, 5 డిగ్రీల చలి, 90 శాతం తేమ ఉన్న డబ్బాలో కంటే దాదాపు 40 రెట్లు ఎక్కువ. పైన ఫ్యాను తిరుగుతుంటే ఇంకా త్వరగా పోతుంది. పొద్దున కొన్న కొత్తిమీర కట్ట వేసవిలో మధ్యాహ్నానికే తల వాల్చడంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

వేడి చేసే రెండో పని కంటికి కనపడదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆకు శ్వాసక్రియ వేగం సుమారు రెండు మూడు రెట్లు అవుతుంది. శ్వాసక్రియ నుంచి వేడి కూడా పుడుతుంది. బిగించి కట్టిన కట్టల్ని సంచిలో ఒకదాని మీద ఒకటి కుక్కితే ఆ వేడి బయటికి పోదు. చేయి పెట్టి చూస్తే కట్ట నడుమ వెచ్చగా తగులుతుంది. ఆకులు ముందుగా పండిపోయేదీ, ముందుగా కుళ్ళేదీ అక్కడే.

పండిపోవడం, అంటే పసుపుబారడం, పత్రహరితం విచ్ఛిన్నం కావడం వల్ల జరుగుతుంది. కొత్తిమీర, మెంతికూర ఈ విషయంలో మరీ సుకుమారం. పండే పళ్ళ నుంచి వెలువడే ఎథిలీన్ వాయువు ఈ పనిని తొందరపెడుతుంది. అరటి, మామిడి, బొప్పాయి, సపోటా, యాపిల్, టమాటా అన్నీ ఈ వాయువును వదిలేవే. లెట్యూస్ మీద దీని ప్రభావం వేరుగా ఉంటుంది: ఆకు నడి ఈనె మీద తుప్పురంగు మచ్చలు పడతాయి. పళ్ళనూ ఆకుల్నీ ఒకే అరలో పెట్టకూడదనే మాటకు ఆధారం ఇదే. చిన్న ఇంట్లో కూడా ఖర్చు లేకుండా పాటించగలిగిన నియమం ఇది, తక్కువమంది పట్టించుకునేదీ ఇదే.

ఇక కుళ్ళు. సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియా ఆకు కణాలను అతికి ఉంచే పెక్టిన్‌ను కరిగిస్తుంది. ఆకు జిగురుగా మారి వాసన వస్తుంది. ఈ బ్యాక్టీరియాలో కొన్ని ఫ్రిజ్ చలిలో కూడా పెరగగలవు. వాటికి కావలసినవి రెండే: ఆకు మీద నిలిచిన నీటి పొర, నలిగిన చోటు నుంచి కారే రసం. కాబట్టి ఆకు చుట్టూ గాలిలో తేమ నిండుగా ఉండాలి, ఆకు ఒంటి మీద మాత్రం తడి ఉండకూడదు. ఇంటి నిల్వ పద్ధతులన్నీ ఈ రెండింటినీ ఒకేసారి సాధించే ప్రయత్నాలే. వాటిలో చాలా భాగం ఒకదాన్ని సాధించబోయి రెండోదాన్ని చెడగొడతాయి.

చలి కూడా అన్ని ఆకులకూ మేలు చేయదు. తులసికి దగ్గరి చుట్టమైన బేసిల్ ఆకును 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో పెడితే నల్లమచ్చలు పడి పాడవుతుంది. దాన్ని నీళ్ల గ్లాసులో వంటింటి గట్టు మీద ఉంచడమే నయం. చల్లని కాలంలో బాగా పెరిగే పాలకూర, లెట్యూస్, కొత్తిమీర 0 డిగ్రీల దగ్గర కూడా హాయిగా ఉంటాయి. అయితే ఏ ఆకైనా గడ్డకడితే మాత్రం తాజాగా నిలవదు. ఫ్రిజ్ వెనక గోడకు ఆనుకున్న ఆకులు కరిగాక నీరుకారి నల్లబడేది కణాల్లో మంచు పలుకులు ఏర్పడి గోడలు పగలడం వల్ల.

బజారు నుంచి ఇంటిదాకా

ఆకు ఎన్నాళ్ళు నిలుస్తుందనేది సగం బజారులోనే తేలిపోతుంది. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లలోనూ, ఊళ్ళలో వీధి వెంట వచ్చే గంపల్లోనూ దొరికే ఆకుకూర చాలావరకు ముందురోజు సాయంత్రమో ఆ తెల్లవారుజామునో కోసినది. తెల్లవారుజామున కోసిన ఆకులో నీరు నిండుగా ఉంటుంది. సాయంత్రం కోసిన ఆకులో పగలంతా తయారైన చక్కెర నిల్వలు ఎక్కువ. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లేత సలాడ్ ఆకులపై చేసి 2005లో ప్రచురించిన పరిశీలనలో పొద్దుగూకేవేళ కోసిన ఆకులు మరికొన్ని రోజులు ఎక్కువ నిలిచాయి. అక్కడ కోసిన వెంటనే చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు లేని చోట, ఏప్రిల్, మే ఎండల్లో, తెల్లవారుజాము కోతే మేలు.

అమ్మేవాళ్ళు కట్టల మీద మాటిమాటికీ నీళ్లు చిలకరిస్తారు. ఎండలో కూర్చున్నవాళ్ళకు అది తప్పని పని. ఆవిరయ్యే నీరు ఆకును చల్లబరుస్తుంది, వడలకుండా కాస్తుంది. కానీ ఆ తడితోనే కట్టను ప్లాస్టిక్ సంచిలో బిగించి ఫ్రిజ్‌లో పడేస్తే మూడో రోజుకు నడుమ ఆకులు జిగురు పడతాయి. ఇంటికి రాగానే దారమో రబ్బరుబ్యాండో విప్పి, కట్టను వెడల్పాటి పళ్ళెంలోనో చేటలోనో పరిచి, నలిగినవీ పండినవీ తడిసి నల్లబడినవీ ఏరేసి, నీడలో ఒక అరగంట తడి ఆరనివ్వడం వల్ల వచ్చే లాభం ఏ ఖరీదైన డబ్బా వల్లా రాదు. ఒక కుళ్ళిన ఆకు రసం పక్క ఆకులకు అంటుతుంది కాబట్టి ఏరివేత అన్నిటికంటే ముఖ్యం. ఫ్యాను కింద గంటలకొద్దీ వదిలేస్తే మాత్రం ఆకు ఎండుముఖం పడుతుంది.

ఎంత కొనాలన్నది కూడా నిల్వకు సంబంధించిన ప్రశ్నే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు 100 గ్రాముల ఆకుకూర సూచిస్తోంది. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి వారానికి మూడు కిలోలకు దగ్గరగా కావాలి. అంత ఆకు నలగకుండా పట్టే చోటు మామూలు ఇంటి ఫ్రిజ్‌లో ఉండదు. వారానికి ఒకసారి అంతా కొని దాచడం కంటే రెండు మూడు విడతల్లో కొని, త్వరగా పోయే మెంతి, పాలకూరలను ముందు వండుకుని, నిలిచే వాటిని తర్వాతకు ఉంచుకోవడమే కుదిరే పద్ధతి.

కడిగి పెట్టాలా, పెట్టి కడగాలా

ఎక్కువ వాదం నడిచేది దీని మీదే. కడగకుండా పెట్టాలనేవారి వాదం బలమైనదే: తడి వల్ల కుళ్ళు వస్తుంది, కడిగేటప్పుడు ఆకు నలుగుతుంది. కడిగి పెట్టాలనేవారి వాదమూ కొట్టిపారేయలేనిదే: మట్టి, పురుగులు, బ్యాక్టీరియా భారం తగ్గుతుంది, వడలిన ఆకు నీరు తాగి తేరుకుంటుంది, వండేవేళకు పని తగ్గుతుంది. రెండు వాదాలూ నిజానికి ఒక్క షరతు దగ్గర కలుస్తాయి. కడిగాక ఆకును పూర్తిగా ఆరబెట్టగలిగితే ముందే కడగవచ్చు, లేకపోతే కడగకూడదు. సలాడ్ ఆకులకు గిరగిర తిప్పి నీరు విదిలించే బుట్టలు వాడుకలోకి వచ్చింది ఇందుకే. అది లేని ఇంట్లో ఆకుల్ని శుభ్రమైన నూలు గుడ్డలో మూటగట్టి నాలుగుసార్లు విదిలించి, మరో పొడిగుడ్డ మీద పరిస్తే ఇంచుమించు అదే ఫలితం వస్తుంది. వండుకునే ఆకుకూరలకు అంత శ్రమ అక్కర్లేదు. ఏరి, ఆరబెట్టి, పొడిగానే దాచి, వండే ముందు కడగడం సులువు. కడిగాక తరగాలి తప్ప తరిగాక కడగకూడదు. తరిగిన అంచుల నుంచి నీటిలో కరిగే విటమిన్లు నీళ్లపాలవుతాయి.

కడగడానికి ధారగా పడే మామూలు నీరు చాలు. సబ్బు పనికిరాదు, ఆకు దాన్ని పీల్చుకుంటుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి ఆకును ముంచి తీస్తే మట్టి అడుగుకు దిగుతుంది. ఆకును పైకి తీయాలి గానీ గిన్నెను చిల్లుల బుట్టలోకి వంచకూడదు, వంచితే దిగిన మట్టి మళ్ళీ ఆకు మీదే పడుతుంది. నీటిలో మట్టి కనపడకుండా పోయేదాకా ఇలా రెండు మూడుసార్లు చేయాలి. ఉప్పునీళ్లలో కాసేపు ఉంచడం వల్ల పురుగులు బయటికి వస్తాయి, ఆకు పైన అంటిన పురుగుమందు కొంత తగ్గుతుంది. ఆకు లోపలికి ఇంకిన మందు ఏ కడుగుతోనూ పోదు. హైదరాబాద్ దిగువన మూసీ మురుగునీటితో ఆకుకూరలు పండించే పొలాలున్నాయి. ఆకు ఏ నీటితో పెరిగిందో కొనేవారికి తెలిసే దారి లేదు కాబట్టి, పచ్చిగా వాడే కొత్తిమీర, పుదీనా విషయంలో కడుగు మరింత శ్రద్ధగా సాగాలి.

వడలిన ఆకును తేర్చడానికి చల్లని నీరు ఉంది. కాడ చివర కొద్దిగా కోసి 15 నుంచి 30 నిమిషాలు చల్లని నీళ్లలో ఉంచితే, కణాలు చనిపోకపోతే, ఆకు మళ్ళీ బిగుస్తుంది. దీనికి పూర్తిగా భిన్నమైన వేడినీటి చికిత్స కూడా ఒకటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో మైకల్ సాల్ట్‌వైట్ బృందం తరిగిన లెట్యూస్‌ను 45 డిగ్రీల నీటిలో 90 సెకన్లు ముంచితే అంచులు గోధుమరంగుకు మారడం ఆగుతుందని 1990లలో చూపింది. కోత తగిలిన ఆకు గాయాన్ని మాన్చుకునే ప్రయత్నంలో ఫీనాల్ పదార్థాలను తయారు చేస్తుంది, ఆ రంగు వాటిదే. వేడి తగిలిన కణం ఆ పని వదిలేసి వేడి నుంచి కాపాడుకునే ప్రోటీన్ల తయారీకి మళ్ళుతుంది. ఉష్ణోగ్రత కొలిచే సాధనం లేకుండా ఇంట్లో దీన్ని చేయబోతే ఆకు ఉడికిపోయే ప్రమాదమే ఎక్కువ.

ఫ్రిజ్ లేని చోట

ఫ్రిజ్ రాకముందు ఆకుకూరకు నిల్వ అంటే తడిగుడ్డ, తడి గోనె, మట్టికుండ. వీటన్నిటి వెనకా ఉన్నది నీరు ఆవిరవుతూ చల్లబరచడమే. ఈ ఉపాయం ఎక్కడ ఎంత పనిచేస్తుందో గాలిలోని తేమ నిర్ణయిస్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడిగుడ్డ సిద్ధాంతరీత్యా 25, 26 డిగ్రీల దాకా చల్లబడగలదు. అదే కాకినాడ తీరంలో 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజున 30 డిగ్రీల కంటే దిగలేదు. అందువల్ల ఎండ తక్కువగా ఉండే తీరం కంటే మండిపోయే లోతట్టు ప్రాంతాల్లోనే తడికుండ ఆకును బాగా కాపాడుతుంది. తీరంలో ఆ కుండ చేయగలిగేది ఆకు ఎండిపోకుండా చూడటమే, చల్లదనం ఆశించకూడదు.

ఈ సూత్రంతోనే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో సుశాంత్ కె. రాయ్, డి.ఎస్. ఖుర్దియా 1980లలో విద్యుత్తు అక్కర్లేని శీతల గదిని రూపొందించారు. ఇటుకలతో రెండు గోడలు, మధ్య 7.5 సెంటీమీటర్ల ఖాళీలో ఇసుక, ఆ ఇసుకను రోజుకు రెండుసార్లు తడపడం, పైన తడి గోనెల మూత. పొడి వేసవిలో లోపలి వేడి బయటికంటే 10 నుంచి 15 డిగ్రీలు తగ్గుతుంది, తేమ 90 శాతం దగ్గర నిలుస్తుంది. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990లలో కుండలో కుండ పెట్టి నడుమ తడి ఇసుక నింపే పద్ధతిని ప్రచారం చేశాడు; ఒక్క రోజులో వడలే ఆకుకూర అందులో 12 రోజులు నిలిచిందని నమోదైంది. గుజరాత్‌లోని వాంకానేర్‌లో మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి 2000 దశకంలో తయారు చేసిన మట్టి ఫ్రిజ్ కూడా ఇదే కోవలోది. ఇంట్లో రెండు కుండలు, బుట్టెడు ఇసుకతో ఇది సాధ్యం. లోపలి కుండలో ఆకును గుడ్డ మీద పరిచి ఉంచాలి, నేరుగా తడి అంటనివ్వకూడదు. ఏర్పాటంతా గాలి ఆడే నీడలో ఉండాలి. మూసిన గదిలో గాలి త్వరగా తేమెక్కి ఆవిరవడం ఆగిపోతుంది.

ఫ్రిజ్‌లో

ఫ్రిజ్ వేడిని తగ్గిస్తుంది, కానీ తేమను కూడా లాగేస్తుంది. మంచు పేరుకోని రకాల్లో లోపల తిరిగే గాలి పొడిగా ఉంటుంది. మూత లేకుండా పెట్టిన ఆకు అందులో బయటికంటే నెమ్మదిగానైనా తప్పక ఎండుతుంది. అడుగున ఉండే కూరగాయల అర ఈ లోటు తీర్చడానికే. గాలి మూత జరుపుకునే వీలున్న అరల్లో ఆకుకూరలకు మూత మూసి ఉంచాలి, తేమ లోపలే నిలుస్తుంది. అయితే ఆ అర పై అరల కంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉండవచ్చు. కొన్ని డిగ్రీలే కదా అనుకోవడానికి లేదు. కొత్తిమీర 0 డిగ్రీల దగ్గర దాదాపు మూడు వారాలు, 5 డిగ్రీల దగ్గర రెండు వారాలు నిలిస్తే, 7.5 డిగ్రీల దగ్గర ఒక వారమే నిలుస్తుంది. తలుపు అరలో పెట్టిన ఆకు అన్నిటికంటే ముందు పోతుంది.

మూత గట్టిగా ఉన్న డబ్బా, అడుగున పొడి నూలు గుడ్డ, దాని మీద వదులుగా ఆకులు, పైన మరో మడత గుడ్డ: పచ్చిగా తినేదైనా వండేదైనా చాలా ఆకులకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. డబ్బా లోపలి తేమను ఆకే నింపుకుంటుంది. చలికి మూత మీద పట్టే నీటిచుక్కలను గుడ్డ పీలుస్తుంది. రెండు రోజులకోసారి గుడ్డ తడిసిందేమో చూసి మార్చాలి. పాత పంచె ముక్కలు, ఉతికి మెత్తబడ్డ చీర ముక్కలు దీనికి కొత్త టిష్యూ కాగితం కంటే బాగా పనికొస్తాయి. డబ్బా లేకపోతే గుడ్డ సంచిని ప్లాస్టిక్ సంచిలో వదులుగా ఉంచినా సరిపోతుంది. వార్తాపత్రిక మాత్రం వద్దు. అచ్చు సిరాలో ఆరోగ్యానికి హాని చేసే పదార్థాలుంటాయి. తడి తగిలితే అవి ఆకుకు అంటుతాయి. ఆహారాన్ని వార్తాపత్రికల్లో చుట్టవద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనూ మళ్ళీ 2023లోనూ హెచ్చరించింది. ఇది ఎన్నో ఇళ్ళలో తరతరాల అలవాటు, వడలకుండా కాపాడే మాట కూడా నిజమే. అయినా అదే పని గుడ్డ చేస్తున్నప్పుడు కాగితాన్ని పట్టుకుని ఉండటానికి కారణం లేదు.

ఒక్కో ఆకు తీరు

కొత్తిమీరకు రెండు పద్ధతులు పోటీపడతాయి. వేర్లతో దొరికిన కట్టను వేళ్ళు మాత్రమే మునిగేట్టు నీళ్ల గ్లాసులో నిలబెట్టి, పైన వదులుగా సంచి కప్పి ఫ్రిజ్‌లో ఉంచితే ఆకు పువ్వులా విచ్చుకుని ఉంటుంది. నీటిని రోజు మార్చి రోజు మార్చాలి, ఆకు నీటిలో మునగకూడదు. చోటు లేని ఫ్రిజ్‌లో ఇది కుదరదు. వేర్లు కోసి, మట్టి దులిపి, గుడ్డ పరిచిన డబ్బాలో పెట్టడమే సులువు. వేర్లు కోసి కాడల్ని నీటిలో ముంచడం ఈ రెంటి మధ్యా చెడ్డ పద్ధతి. కోసిన కాడ చివర్లు కుళ్ళి నీటిని పాడు చేస్తాయి.

పుదీనా తడిని బాగా తట్టుకుంటుంది, గ్లాసు నీళ్లలో వేర్లు కూడా వేస్తుంది. కానీ నలిగితే చాలు, ఆ చోట నల్లబడుతుంది. కాడల నుంచి ఆకు తుంచడం వాడే ముందే చేయాలి. మెంతికూరను వేర్లు కోసి, పసుపు ఆకులు ఏరి, పొడిగా ఉంచినా మూడు నాలుగు రోజులకు మించి ఆశించడం దండగ. పాలకూర లేత ఆకు త్వరగా నలుగుతుంది కాబట్టి డబ్బాలో అదమకూడదు.

తోటకూరకు ముదురు కాడలు వేరుచేస్తే ఆకు తక్కువ చోటులో ఇముడుతుంది. కాడలు పులుసుకు విడిగా నిలుస్తాయి. గోంగూర పుల్లదనం దానికి మేలే చేస్తుంది, కానీ తడి దానికి శత్రువు. పచ్చడికైనా పప్పుకైనా వేయించో ఉడికించో వాడేదే కాబట్టి కొద్దిగా వడలినా చింత లేదు. ఆకు తుంచి, గుడ్డ మీద ఆరబెట్టి, కాగితపు సంచిలోనో గుడ్డలోనో ఉంచడం చాలు. చుక్కకూర మరీ మెత్తన. కొన్న మర్నాటికల్లా వండేయడం మంచిది.

కరివేపాకు వీటన్నిటికీ భిన్నం. నీరు తక్కువ, ఆకు గట్టి. కాబట్టి వడలడం దాని సమస్య కాదు, వాసన పోవడమే సమస్య. వాసనంతా ఆవిరయ్యే నూనెల్లో ఉంది. రెబ్బల్ని తుడిచి, పూర్తిగా పొడిగా, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలకు పైగా బాగుంటుంది. తడితో పెట్టిన రెబ్బ మీద నల్లమచ్చలు త్వరగా వస్తాయి.

సంచుల్లో వచ్చే సలాడ్ ఆకులు

నగరాల్లో ఇప్పుడు కడిగి తరిగిన లెట్యూస్, లేత పాలకూర, అరుగుల సంచుల్లో దొరుకుతున్నాయి. ఆ సంచి మామూలు ప్లాస్టిక్ కాదు. లోపల ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా నిలిచేట్టు, ఆకు శ్వాసక్రియకు సరితూగేలా పొరను తయారు చేస్తారు. సంచి తెరిచిన క్షణమే ఆ ఏర్పాటు పోయి బయటి గాలి చొరబడుతుంది. సంచి మీది తేదీ తెరవని సంచికే వర్తిస్తుంది. తెరిచాక ఆకుల్ని గుడ్డ పరిచిన డబ్బాలోకి మార్చి రెండు మూడు రోజుల్లో తినేయాలి. విడి లెట్యూస్ గడ్డ కొంటే బయటి ఆకుల నుంచి ఒక్కొక్కటే తుంచుకుంటూ వాడటం మంచిది. అడ్డంగా కోసిన గడ్డ కోసిన అంచు నుంచే గోధుమరంగుకు తిరుగుతుంది.

తాజాగా కనిపించే ఆకు సురక్షితమైనదే అనుకోకూడదు. 2006లో అమెరికాలో సంచి పాలకూర ద్వారా ఇ. కోలై ఓ157 అనే బ్యాక్టీరియా వ్యాపించి సుమారు 200 మంది జబ్బుపడ్డారు, మరణాలూ జరిగాయి. ఆ ఆకులు చూడటానికి బాగానే ఉన్నాయి, ముందే కడిగినవి కూడా. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో సైతం పెరుగుతుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్ళలో జిగురు తగిలిన సంచిలోని మిగతా ఆకుల్ని ఏరి వాడుకోవడం కంటే మొత్తం పారేయడం మేలు. తెలుగు వంటలో ఆకుకూర చాలావరకు ఉడికే తినడం ఈ విషయంలో పెద్ద రక్షణ.

తాజాదనం, పోషకాలు

ఆకు పచ్చగా ఉన్నా లోపలి విలువ తరుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే ముందు పోయేది విటమిన్ సి. ఆకు వడలితే ఆ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. రక్తం పట్టడానికి కావలసిన ఫోలేట్ అనే విటమిన్ సంగతి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాలకూరపై కొలిచారు: అందులోని ఫోలేట్ 53 శాతానికి పడిపోవడానికి 4 డిగ్రీల దగ్గర 8 రోజులు, 10 డిగ్రీల దగ్గర 6 రోజులు, 20 డిగ్రీల దగ్గర 4 రోజులు పట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం పట్టాలని కొనే ఆకుకూరను వారం పాటు దాచి తినడంలో ఎంత పోతోందో ఈ అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. రెండు వారాలు నిలిచే ఉపాయం దొరికిందంటే రెండు వారాలు దాచమని అర్థం కాదు.

వెలుతురు గురించి ఒక ఆసక్తికరమైన ఫలితం ఉంది. దుకాణం దీపాల కింద ఎడతెగని వెలుగులో ఉంచిన పాలకూరలో, చీకట్లో ఉంచినదానికంటే విటమిన్ సి, ఫోలేట్ ఎక్కువ నిలిచాయని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2010లో ప్రచురించారు. వెలుతురులో ఆకు కొద్దిగానైనా ఆహారం తయారు చేసుకుంటూ ఉండటమే కారణం. కానీ అదే వెలుతురులో పత్రరంధ్రాలు తెరుచుకుని ఆకు త్వరగా వడలింది కూడా. ఇంట్లో దీన్ని వాడుకునే మార్గం లేదు.

పాలకూర, తోటకూరల్లో నైట్రేట్ సహజంగానే ఎక్కువ. వండిన కూరను గది వేడిలో గంటలకొద్దీ వదిలేస్తే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. పసిపిల్లలకు ఇది ప్రమాదం. వండిన ఆకుకూర మిగిలితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాటికి మించి ఉంచకూడదు, పసిపిల్లలకు ఎప్పటికప్పుడు వండినదే పెట్టాలి.

తాజాగా నిలవని ఆకుకు

ఆకును ప్రాణంతో నిలపలేనప్పుడు దాని మార్పులను పూర్తిగా ఆపడమే మార్గం. చింతచిగురు ఏడాదిలో కొద్ది వారాలే దొరుకుతుంది కాబట్టి నీడలో ఎండబెట్టి దాచుకోవడం పాత పద్ధతి. మునగాకు, కరివేపాకు పొడులకూ నీడే మంచిది. నేరుగా పడే ఎండ ఆకులోని కెరోటిన్‌ను దెబ్బతీస్తుంది, రంగు కూడా పోతుంది. వేలితో నలిపితే పొడి అయ్యేదాకా ఎండాలి. అంతకంటే ముందే డబ్బాలో పెడితే బూజు పడుతుంది. గోంగూర నిలవ పచ్చడిలో ఆకు నీరంతా పోయేదాకా నూనెలో మగ్గుతుంది. పులుపు, ఉప్పు, నూనె కలిసి సూక్ష్మజీవులకు చోటివ్వవు. అందులో తడి గరిటె పడితే ఆ రక్షణ పోతుంది.

ఫ్రీజర్‌కు ఒక నియమం ఉంది. పచ్చి ఆకును అలాగే గడ్డకట్టిస్తే ఎంజైములు మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పనిచేసి రంగూ రుచీ చెడగొడతాయి. మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే మంచునీళ్లలోకి తీసి, పిండి, ఒక పూటకు సరిపడా ముద్దలుగా చేసి పెడితే పాలకూర, తోటకూర కొన్ని నెలలు నిలుస్తాయి. కరివేపాకుకు ఇది అక్కర్లేదు. పొడి రెబ్బల్ని నేరుగా ఫ్రీజర్‌లో పెట్టి, కరగనివ్వకుండానే తాలింపులో వేయవచ్చు. కొత్తిమీర, పుదీనా గడ్డకడితే మెత్తబడతాయి కాబట్టి చట్నీగా రుబ్బి పెట్టడం నయం.

అమెరికాలోని తెలుగు ఇళ్ళకు ఫ్రీజర్ మరింత అవసరం. నిమ్మజాతి చెట్లను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగుకు కరివేప చెట్టు ఆశ్రయం. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. అందువల్ల భారతదేశం నుంచి తాజా కరివేపాకు తీసుకెళ్ళడానికి వీల్లేదు, అక్కడి క్వారంటైన్ ప్రాంతాల నుంచి మొక్కల్ని బయటికి తరలించడం మీదా ఆంక్షలున్నాయి. కాబట్టి దుకాణంలో దొరికిన రోజునే ఎక్కువ కొని గడ్డకట్టించి వాడుకుంటారు. పెరట్లో వేసవిలో వేసిన గోంగూర మొదటి మంచుకు చచ్చిపోతుంది. మంచు సూచన రాగానే ఆకంతా కోసి, కొద్ది నూనెలో ముద్దయ్యేదాకా మగ్గించి, చల్లార్చి, సంచుల్లో పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెడితే పలక విరిచినట్టు కావలసినంత ముక్క విరుచుకుని చలికాలమంతా ఉడుకుతున్న పప్పులో వేసుకోవచ్చు.